తాళం ఉన్న సొరుగు

ఉద్యోగం పోయిన పదకొండో రోజున నేనొక ఇనుప బల్ల కొన్నాను. బరువు దాదాపు 100 కిలోలు.

హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్ళకి ఈ లెక్క కంఠతా వచ్చు. ఉద్యోగం పోతే మిగిలేది 60 రోజుల గడువు. ఈలోగా ఇంకో కంపెనీ మన పేరున దరఖాస్తు పెట్టాలి, లేదా వేరే వీసాకి మారాలి, లేదా దేశం వదలాలి. అలాంటి గడువులో పదకొండు రోజులు ఖర్చుపెట్టేసినవాడు కొనాల్సిన వస్తువు కాదది. "వెళ్ళాల్సి వస్తే మనిషికి రెండు సూట్‌కేసులు, ఒక్కోటీ 23 కిలోలు. దీన్ని ఎందులో పెడతావ్?" అంది మా ఆవిడ. ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఎందుకు కొన్నానో చెప్పాలంటే ఉద్యోగం ఎలా పోయిందో చెప్పాలి. ఉదయం తొమ్మిదింటికి మెయిల్ వచ్చింది. దాన్ని రెండోసారి చదివేలోపే లాప్‌టాప్ లాక్ అయిపోయింది. రెండు రోజుల తర్వాత గుమ్మం ముందు ఒక ఖాళీ అట్టపెట్టె. లాప్‌టాప్ అందులో పెట్టి వెనక్కి పంపాలి, లేబుల్ కూడా వాళ్ళే పంపారు. ఆరేళ్ళు పనిచేసిన చోటు నుంచి తెచ్చుకోవడానికి నాకు సామానంటూ ఏమీ లేదు. ఆఫీసులో ఎవరి బల్ల వాళ్ళకి ఉండడం మానేసి చాలాకాలమైంది. ఏ రోజుకారోజు యాప్‌లో సీటు బుక్ చేసుకుని, ఖాళీ దొరికిన చోట కూర్చునేవాళ్ళం. నాదంటూ ఉన్నది ఆ లాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్. అందులో ఇలాంటి వ్యాసాల చిత్తుప్రతులు నాలుగు, రెండేళ్ళుగా చదివిన పుస్తకాల మీద రాసుకున్న నోట్సు. తప్పు నాదే. కంపెనీ మెషీన్‌లో సొంత రాతలు పెట్టుకోనని చేరిన రోజే సంతకం పెట్టాను. కానీ రోజుకి పది గంటలు ఎదురుగా ఉండే వస్తువులో మనిషి తనది కాస్త ఏదో ఒకటి దాచుకోకుండా ఉండలేడు.

ఆ కాస్త చోటుకీ ఒక చరిత్ర ఉందని ఈ బల్ల కొన్నాకే నాకు తెలిసింది.

*

మేముండేది ఒహాయోలో, కొలంబస్ నగరంలో. బల్ల దొరికింది అక్కడికి ఈశాన్యంగా రెండున్నర గంటల దూరంలో, ఒక పాత స్కూలు సామాన్లు అమ్మేస్తున్న చోట. 40 డాలర్లు. అమెరికాలో ఈ రకాన్ని 'ట్యాంకర్ డెస్క్' అంటారు. ఒకసారి చూస్తే ఆ పేరు ఎందుకో అడగబుద్ధి కాదు. 60 అంగుళాల పొడవు, 30 అంగుళాల వెడల్పు. రెండు పక్కలా సొరుగుల దొంతర, మధ్యలో పలచటి సొరుగు, ముందువైపు కాళ్ళు కనపడకుండా నిలువునా రేకు. మూలలు గుండ్రంగా వంచి ఉంటాయి. పైన లినోలియం పరిచి, అంచు చుట్టూ లోహపు పట్టీ బిగించి ఉంటుంది. పై సొరుగు మీద లోపలికి తోసేసే పలక ఒకటి. పక్కన కూర్చున్నవాళ్ళు రాసుకోవడానికి పెట్టారు గానీ, ఎక్కువగా టిఫిన్ డబ్బాలే మోసుంటుందని నా అనుమానం. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇరవై ఏళ్ళపాటు అక్కడి ప్రభుత్వ కార్యాలయాలు, స్కూళ్ళు, సైనిక స్థావరాలు, ఇన్సూరెన్సు కంపెనీలు వీటితోనే నిండిపోయాయి.

కొనేవాళ్ళకి నాలుగు మాటలు. సొట్టల్ని చూసి భయపడొద్దు, లప్పం పెట్టి సరిచేయొచ్చు. కాళ్ళ దగ్గర తుప్పు చూడండి, ఏళ్ళ తరబడి నేల తుడిచిన నీళ్ళు తగిలేది అక్కడే. ప్రతి సొరుగునీ చివరిదాకా లాగండి. బాగున్న బల్లలో ఫైళ్ళు నింపిన సొరుగు కూడా ఒక వేలితో జరుగుతుంది. గుమ్మంలో పట్టదని దిగులు పడకండి, బోల్టులు విప్పితే పై పలక, రెండు దొంతరలు విడివిడిగా వచ్చేస్తాయి. అన్నిటికన్నా ముందు తాళం చూడండి. దానికి కారణం తర్వాత చెప్తాను.

మధ్య సొరుగు లోపల ఒక చిన్న లేబుల్ ఉంది: జనరల్ ఫైర్‌ప్రూఫింగ్ కంపెనీ, యంగ్స్‌టౌన్, ఒహాయో. బల్లలు చేసే కంపెనీకి అగ్నిమాపక శాఖ లాంటి ఈ పేరేంటి అనిపించింది. ఖాళీగా ఉన్న మనిషికి అంతకన్నా పెద్ద సాకు అక్కర్లేదు. ఉద్యోగాల దరఖాస్తులు పగలు, బల్ల చరిత్ర రాత్రి.

*

ఆఫీసు బల్ల ఇనుముగా మారింది నిప్పు వల్ల.

19వ శతాబ్దం చివరికొచ్చేసరికి అమెరికా నగరాలు పైకి లేస్తున్నాయి, మధ్యమధ్యలో తగలబడుతున్నాయి. 1871లో షికాగో, 1872లో బోస్టన్, 1904లో బాల్టిమోర్, 1906లో భూకంపంతో పాటు శాన్‌ఫ్రాన్సిస్కో. భవనాల అస్థిపంజరం ఉక్కుగా మారాక గోడలు నిలబడడం మొదలైంది గానీ లోపల ఉన్నదంతా కాగితం, కర్ర, వార్నిష్. పైగా అందరూ చుట్టలూ సిగరెట్లూ తాగేవాళ్ళు. ఆర్పని ముక్కని విసిరేది అల్లిన చెత్తబుట్టలోకి.

1911 మార్చి 25న న్యూయార్క్‌లో ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ అనే బట్టల ఫ్యాక్టరీ తగలబడింది. 146 మంది చనిపోయారు, ఎక్కువమంది వలస కుటుంబాల ఆడపిల్లలు. బట్ట పేలికల తొట్టిలో పడిన అగ్గిపుల్లో సిగరెట్ ముక్కో దానికి కారణమని తేల్చారు. అంతమంది చనిపోవడానికి కారణం మాత్రం ఒక తాళం. మెట్ల వైపు తలుపుకి తాళం వేసి ఉంది, పనివాళ్ళు ఏమైనా ఎత్తుకుపోతారని. తాళంచెవి ఉన్న ఫోర్‌మన్ అప్పటికే వేరే దారిన బయటపడ్డాడు. మరుసటి ఏడాది జనవరిలో అదే నగరంలో ఈక్విటబుల్ ఇన్సూరెన్సు కంపెనీ భవనం కాలిపోయింది. అదీ కింద హోటల్లో ఎవరో చెత్తడబ్బాలో పడేసిన అగ్గిపుల్ల వల్లే.

అదే 1912లో మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్‌లో మెటల్ ఆఫీస్ ఫర్నిచర్ అనే కంపెనీ పుట్టింది. అదే తర్వాత స్టీల్‌కేస్ అయింది. దాని తొలి విజయాల్లో ఒకటి కాలని ఉక్కు చెత్తబుట్ట. 1915లో బోస్టన్‌లో 496 అడుగుల కస్టమ్ హౌస్ టవర్ కట్టినప్పుడు, నగరంలో అదే మొదటి ఆకాశహర్మ్యం కాబట్టి, లోపల కర్ర బల్లలు వద్దనుకున్నారు. 200 ఉక్కు బల్లల ఆర్డర్ ఈ కంపెనీకి దక్కింది. నా బల్ల చేసిన జనరల్ ఫైర్‌ప్రూఫింగ్ కూడా 1902లో మొదలైంది ఫర్నిచర్‌తో కాదు, నిప్పుని తట్టుకునే భవన సామగ్రితో. ఉక్కు కరిగే ఊళ్ళో ఉంది కాబట్టి బల్లల్లోకి దిగింది.

ఇంజనీరింగ్ చదివినవాడిగా ఇక్కడ ఒక మాట. పలచటి రేకు వేడిని ఆపలేదు. ఇనుప బల్ల చుట్టూ మంటలుంటే లోపలి కాగితాలు బొగ్గవుతాయి. బల్ల చేయగలిగింది ఒక్కటే: తను మంటకి కట్టె కాకుండా ఉండడం. పైన పరిచే లినోలియం సంగతి మరీ విచిత్రం. అది అవిసె నూనె, బెండుపొడి, జిగురు కలిపి గుడ్డ మీద పరిచే సరుకు. మందపాటి రకాన్ని యుద్ధనౌకల్లో వాడేవాళ్ళు. పెర్ల్ హార్బర్ తర్వాత అది మరీ అంటుకుంటోందని అమెరికా నౌకాదళం దాన్ని పీకేసింది. నిప్పుకి భయపడి చేసిన బల్ల నెత్తిన మాత్రం అది అలాగే ఉండిపోయింది.

*

అయితే, నిప్పు ఒక్కటే అయితే పాత బల్ల ఆకారాన్నే ఇనుముతో పోసి ఉండొచ్చు. అలా జరగలేదు. ఆకారం మారడానికి కారణం వేరే ఉంది.

అంతకుముందు బల్లలు ఎలా ఉండేవో చూడండి. 1874లో ఇండియానాపోలిస్‌లో విలియం వూటన్ అనే ఆయన పేటెంట్ తీసుకున్న బల్ల దాదాపు ఒక చిన్న గది. రెండు పెద్ద తలుపులు, వాటి లోపల డజన్ల కొద్దీ గూళ్ళు, అన్నిటికీ కలిపి ఒక తాళం. అధ్యక్షుడు గ్రాంట్ దగ్గర అలాంటిదొకటి ఉండేది. మామూలు గుమాస్తా బల్లకి కూడా వెనక ఎత్తైన గూళ్ళుండేవి. కూర్చుంటే తల కనపడేది కాదు.

మెల్విల్ 1853లో రాసిన 'బార్టిల్‌బీ' కథలో ఒక సన్నివేశం ఉంది. వాల్‌స్ట్రీట్ లాయరు తన ఆఫీసులో రాయసగాడైన బార్టిల్‌బీ బల్ల తెరుస్తాడు. అతను లేడు, తాళంచెవి కళ్ళ ముందే ఉంది. బల్ల నాది కాబట్టి అందులోవీ నావే అని లాయరు తనకి తాను నచ్చజెప్పుకుంటాడు. గూళ్ళ లోతుల్లో చెయ్యి పెడితే ముడేసిన రుమాలు తగులుతుంది. అందులో ఉన్నది బార్టిల్‌బీ పొదుపు డబ్బు. ఈ మనిషికి ఇల్లు లేదని, ఆఫీసులోనే బతుకుతున్నాడని అప్పటికే లాయరుకి అర్థమైంది. కాలేజీలో ఆ కథ చదివినప్పుడు బార్టిల్‌బీ పని 'వద్దనడం' గురించే ఆలోచించాను. ఇప్పుడు చదివితే ఆ చెయ్యి దగ్గరే ఆగిపోయాను. కథ చెప్పేవాడు మంచివాడు, దయగలవాడు. అయినా ఇంకొకడి గూట్లో చెయ్యి పెట్టాడు.

20వ శతాబ్దపు యజమానులకి ఆ గూళ్ళు నచ్చలేదు. ఫ్యాక్టరీలో టేలర్ స్టాప్‌వాచ్‌తో చేసిన పనిని విలియం లెఫింగ్‌వెల్ ఆఫీసులోకి తెచ్చాడు. 1917లో ఆఫీసు నిర్వహణ శాస్త్రం మీద లావుపాటి పుస్తకమే రాశాడు. గూళ్ళు ఉంటే ఉత్తరాలు అందులో పడి నిద్రపోతాయి, వెనక గోడ ఉంటే మనిషి ఏం చేస్తున్నాడో కనపడదు: ఇదీ వాళ్ళ వాదన. ఇందాక కాలిపోయిందన్న ఈక్విటబుల్ కంపెనీ 1915లో కొత్త భవనంలోకి వచ్చినప్పుడు, దాని కోసం 'మోడర్న్ ఎఫిషియెన్సీ డెస్క్' తయారైంది. గూళ్ళు లేవు, చదునైన పై పలక, కింద కొన్ని సొరుగులు. ఆ పేరు తర్వాత పోయింది గానీ ఆ ఆకారం పోలేదు. నా గరాజ్‌లో ఉన్నదీ అదే.

దీనికి పదేళ్ళ ముందే ఫ్రాంక్ లాయిడ్ రైట్ బఫెలో నగరంలో లార్కిన్ అనే సబ్బుల కంపెనీకి ఆఫీసు కట్టి, లోపలి ఇనుప ఫర్నిచర్ కూడా తనే గీశాడు. కొన్ని బల్లలకి కుర్చీ అతికించే ఉంటుంది, తలుపులా తిరుగుతుంది. నేల తుడవడానికి తేలిక. కూర్చున్న గుమాస్తా మాత్రం కుర్చీని తన ఒంటికి తగ్గట్టు జరుపుకోలేదు. ఆ భవనాన్ని 1950లో కూల్చేశారు. వాస్తుశిల్పం ఇష్టపడేవాళ్ళు ఇప్పటికీ దానికోసం బాధపడతారు. నాకూ బాధే. కానీ ఆ కుర్చీలో రోజంతా కూర్చుని ఆర్డర్లు రాసిన అమ్మాయిలు ఏమనుకున్నారో అని కూడా అనిపిస్తుంది.

కాబట్టి ఈ బల్లని నేను ముద్దుచేయబోవడం లేదు. ఇది కూర్చునేవాళ్ళ కోసం పుట్టలేదు. నిప్పుకి భయపడేవాళ్ళ కోసం, వెనక నించుని చూసేవాళ్ళ కోసం పుట్టింది.

*

గరాజ్‌లో పని మొదలుపెట్టగానే బల్ల నాకు ఇంకో భయం చూపించింది. పైన ఉన్నది వెన్నెల రంగు, ఎవరో స్కూలువాళ్ళు బ్రష్షుతో వేసినది. దాని కింద లేత ఆకుపచ్చ. దాని కింద అసలుది, బూడిద రంగు. సీసం ఉందో లేదో చూసే పరీక్ష పుల్లల్ని గీతపెట్టిన చోట రుద్దితే ఎర్రబడింది. అమెరికాలో ఇళ్ళకీ ఫర్నిచర్‌కీ వాడే పెయింట్లలో సీసాన్ని 1978లో నిషేధించారు. ఈ బల్ల అంతకన్నా పెద్దది. ఇంట్లో మూడేళ్ళ పాప ఉంది.

ఇంటర్నెట్‌లో చూపించే పద్ధతి గ్రైండర్ పట్టుకుని, నిప్పురవ్వలు ఎగరేస్తూ, ఉక్కు తళతళలాడేదాకా గీకేయడం. అలా మెరిపించిన బల్లలు పెద్ద నగరాల్లో వెయ్యి డాలర్లకి పైనే అమ్ముతారు. పొడిగా గీకితే సీసం దుమ్మై గాల్లోకి లేస్తుంది, బట్టలకి అంటుకుని ఇంట్లోకొస్తుంది. పైగా బయటపెట్టిన ఉక్కు మీద వార్నిష్ పూస్తే అందం కొన్నాళ్ళే. ఒక గీత పడితే చాలు, తుప్పు దాని కిందనుంచి పాకుతుంది.

నేను చేసింది నిదానం పని. కింద ప్లాస్టిక్ పరిచి, గరాజ్ తలుపు తెరిచి, పెయింటర్లు వాడే గట్టి ఫిల్టర్ మాస్కు పెట్టుకున్నాను. పెయింటు కరిగించే జెల్ రాసి, తడిగానే గీకి, ఆ ముద్దని సంచుల్లో కట్టి జిల్లావాళ్ళు ప్రమాదకర చెత్త తీసుకునే చోట ఇచ్చాను. పూర్వం ఈ పనికి వాడిన మిథిలీన్ క్లోరైడ్ చురుగ్గా పనిచేసేది, మనుషుల్ని కూడా చంపేది. 2019లో మామూలు జనానికి అమ్మడం ఆపేశారు. ఇప్పటి జెల్‌లు మెల్లగా పనిచేస్తాయి. రాసి, ప్లాస్టిక్ కప్పి, రాత్రంతా వదిలేయాలి. పని బట్టలు విడిగా ఉతకడం, స్నానం చేశాకే పాపని ఎత్తుకోవడం. పెయింటు పట్టు గట్టిగా ఉన్నచోట గీకలేదు, తడిగా కాస్త గరుకు చేసి ప్రైమర్ వేశాను. దాని మీద రెండు పూతలు బూడిద రంగు ఎనామిల్. పైన కొత్త లినోలియం.

ఇరవై మూడు రోజులు పట్టింది. ఈలోగా ఇంటర్వ్యూలు ఆరు.

*

ఇప్పుడు తాళం సంగతి. మధ్య సొరుగుకి మాత్రమే తాళంచెవి పడుతుంది. దాన్ని లోపలికి తోసి తిప్పితే వెనక ఉన్న కడ్డీ కదిలి, రెండు పక్కల సొరుగులన్నీ ఒకేసారి బిగుసుకుంటాయి. కరెంటు లేదు, సాఫ్ట్‌వేర్ లేదు. కడ్డీకి నూనె చుక్క వేస్తే డెబ్భై ఏళ్ళ తర్వాత కూడా టక్కుమంటుంది. తాళం మొహం మీద నంబరుంటే, ఆ నంబరు చెప్పి కొత్త తాళంచెవి చేయించుకోవచ్చు. అందుకే ముందు తాళం చూడమన్నాను.

గూళ్ళన్నీ పీకేసి, గోడలన్నీ తీసేసి, మనిషిని వరసలో కూర్చోబెట్టినవాళ్ళు కూడా ఈ సొరుగుని తీసేయలేకపోయారు. బిల్లీ వైల్డర్ సినిమా 'ది అపార్ట్‌మెంట్' (1960) మొదట్లో ఇన్సూరెన్సు ఆఫీసు హాలు గుర్తుందా? కనుచూపుమేర బల్లలు. ఆ దూరం భ్రమే. కళాదర్శకుడు ట్రౌనర్ వెనక్కి పోయేకొద్దీ చిన్న బల్లలు, చిన్న మనుషుల్ని పెట్టాడు. హీరో తనని పరిచయం చేసుకునేది పంతొమ్మిదో అంతస్తు, 861వ నంబరు బల్ల అని. పైకి ఎదగడానికి అతను పై అధికారులకి ఇచ్చుకునేది తన ఇంటి తాళంచెవి. ఆ సినిమాని ప్రేమకథగా చూశాను చాలాసార్లు. అందులో అసలు బేరం తాళంచెవి గురించే.

ఈ బేరం ఒకసారి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కాలిఫోర్నియాలోని నాపా ప్రభుత్వ ఆసుపత్రిలో ఒర్టెగా అనే మానసిక వైద్యుడు సెలవులో ఉండగా, 1981లో, అధికారులు ఆయన బల్ల, ఫైలు బీరువాలు వెతికారు. తీసుకున్న వాటిలో ఒక వాలెంటైన్ కార్డు, ఒక ఫొటో, ఒక కవిత్వ పుస్తకం ఉన్నాయి. 1987లో కోర్టు చెప్పిన తీర్పులో రెండు ముక్కలున్నాయి. బల్ల ప్రభుత్వానిదైనా అందులో ఉద్యోగికి కొంత ఏకాంతం ఆశించే హక్కుంది. అయితే తగిన కారణముంటే పై అధికారి వారంటు లేకుండానే వెతకొచ్చు. ఒర్టెగా పోరాడుతూనే ఉన్నాడు. 1998 దాకా సాగి చివరికి ఆయన గెలిచాడు. ఒక కవిత్వ పుస్తకం కోసం పదిహేడేళ్ళు. లాప్‌టాప్‌లో నోట్సు పోగొట్టుకున్నవాడికి ఆ తీర్పు చదువుతుంటే ఎలా ఉంటుందో మీరు ఊహించుకోవచ్చు.

*

బల్లకీ మన బీరువాకీ చుట్టరికం ఉంది. ఫ్రెంచిలో 'బ్యూరో' అంటే మొదట బల్ల మీద పరిచే ముతక గుడ్డ, తర్వాత ఆ బల్ల, తర్వాత ఆ బల్ల ఉన్న గది, ఆ తర్వాత ఆ గదిలోంచి సాగే పాలన. 'బ్యూరోక్రసీ' పుట్టింది అందులోంచే. అదే మాట సముద్రం దాటి తెలుగులోకి వచ్చి బీరువా అయింది, పట్టుచీరలూ దస్తావేజులూ పెట్టుకున్నాం. ఆ బీరువాని ఇంటింటికీ చేర్చిన గోద్రెజ్ 1897లో బొంబాయిలో మొదలైంది తాళాలు చేస్తూ. 1923లో ఉక్కు బీరువాలు మొదలయ్యాయి, తర్వాత మన ఆఫీసుల ఇనుప టేబుళ్ళు కూడా.

అలాంటి టేబుల్ ముందే మా అమ్మ సబ్‌ట్రెజరీలో 29 ఏళ్ళు కూర్చుంది. చిన్నప్పుడు సెలవుల్లో అక్కడికి వెళ్తే నాకు ఇష్టమైంది ఆ సొరుగు. అమృతాంజనం, పిన్నీసులు, వెంకటేశ్వరస్వామి పటం, చిల్లర డబ్బా, వారపత్రికలోంచి చింపిన సీరియల్ పేజీలు. ఇంట్లో అమ్మకి తనకంటూ తాళం పడే చోటు ఏదీ లేదు. బీరువా తాళాలు నానమ్మ దగ్గరుండేవి. ఈ సంగతి నాకు ముప్ఫై ఏళ్ళొచ్చాక, ఇంత దూరంలో, ఇంకెవరిదో బల్ల గీకుతుంటే తట్టింది.

రిటైరైన రోజున చార్జి అప్పగించిన జాబితాలో 'టేబుల్ తాళంచెవి 1' అని కూడా రాసి సంతకం పెట్టిందట. సొరుగు ఖాళీ చేసుకోవడానికి ఆ పూటంతా పట్టిందట. ఎవరూ తొందరపెట్టలేదట.

*

తర్వాతి కథ తొందరగా చెప్పేస్తాను, మీలో చాలామంది అందులోనే ఉన్నారు. 1968లో హెర్మన్ మిల్లర్ కంపెనీ కోసం రాబర్ట్ ప్రాప్స్ట్ అనే ఆయన ఉద్యోగికి కదలిక, ఏకాంతం ఇద్దామని కదిలే అడ్డుగోడలతో 'యాక్షన్ ఆఫీస్' రెండో రూపం తయారుచేశాడు. కొన్న కంపెనీలు దాన్ని వీలైనంత ఇరుకు చేసి క్యూబికల్ చేశాయి. 1990ల మధ్యలో షియట్-డే అనే ప్రకటనల సంస్థ బల్లల్నే ఎత్తేసింది. పొద్దున్నే ఫోను, లాప్‌టాప్ అరువు తీసుకుని, ఎక్కడైనా కూర్చో. సొంత సామానుకి చిన్న లాకరు. అది చాలక జనం కార్ల డిక్కీల్లో ఫైళ్ళు పెట్టుకున్నారు. ఒకామె తన కాగితాల్ని పిల్లలాడుకునే ఎర్రబండిలో పెట్టి లాక్కుంటూ తిరిగింది. కొన్నేళ్ళకే ఆ సంస్థ ఆ ప్రయోగం మానుకుంది. పాతికేళ్ళ తర్వాత మిగతా ప్రపంచం దాన్నే మొదలుపెట్టింది. మా ఆఫీసులో ఎర్రబండి కూడా లేదు.

పాతకాలమే మంచిదని అనను. యంగ్స్‌టౌన్‌నే చూడండి. 1977 సెప్టెంబర్ 19న, ఆ ఊరు ఇప్పటికీ 'బ్లాక్ మండే' అనే రోజున, అక్కడి పెద్ద ఉక్కు ఫ్యాక్టరీ మూసేస్తున్నట్టు ప్రకటించారు. ఒక్క దెబ్బకి వేలమంది రోడ్డున పడ్డారు. వాళ్ళకి మెయిల్ కూడా రాలేదు. నా బల్ల చేసిన ఫ్యాక్టరీ కూడా ఇప్పుడక్కడ నడవడం లేదు. బల్ల మన్నినంత కాలం కంపెనీ మన్నలేదు. అప్పటి ఉద్యోగం శాశ్వతమన్నది కొంతమందికే, కొన్నాళ్ళకే నిజం. నాకు కావలసింది ఆ కాలం కాదు. అందులోంచి ఒక చిన్న వస్తువు: పనిచేసేచోట, పనిచేసేవాళ్ళ చేతిలో ఉండే తాళంచెవి. ట్రయాంగిల్ ఫ్యాక్టరీలో తాళం ఫోర్‌మన్ చేతిలో ఉంది. నా లాప్‌టాప్ తాళం ఏ ఊళ్ళో ఏ సర్వర్‌లో ఉందో నాకు తెలియదు.

*

సొరుగుల లోపల రంగు వేయలేదు. కుడివైపు రెండో సొరుగు లోపలి పక్కన పెన్సిల్ అంకెలు కనపడ్డమే దానికి కారణం. రెండు నిలువు వరసలు, రెంటికీ కింద మొత్తాలు. మొత్తాలు కలవలేదు. తేడా 27 అని రాసి, చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టి, పక్కన ప్రశ్నార్థకం. పెద్ద పుస్తకంలో రాయలేని తప్పుని ఎవరో సొరుగు పక్కన పెట్టుకుని వెతుక్కున్నారు.

ఫొటో తీసి అమ్మకి వాట్సాప్‌లో పంపాను. ఐదు నిమిషాల్లో ఫోను.

"27 అంటే తొమ్మిదో ఎక్కంలో ఉందిరా. తేడా తొమ్మిదితో భాగింపబడిందంటే ముందు అనుమానించాల్సింది అంకెలు తారుమారవడం. 27 బై 9, మూడు. మూడు తేడా ఉన్న జంట అంకెలు చూడు. 14, 41. 25, 52. అట్లా."

నేను టార్చిలైటు పట్టుకుని సొరుగులో తల పెట్టాను. ఎడమ వరసలో ఆరోది 85. కుడి వరసలో అదే చోట 58.

"దొరికిందమ్మా."

అటువైపు కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, "ఆ రోజు ఇంటికెళ్ళేసరికి ఎంత పొద్దుపోయిందో పాపం ఆవిడకి," అంది.

ఆవిడ అని ఎలా తెలుసని నేను అడగలేదు. గడువులో ఇంకా తొమ్మిది రోజులుండగా వేరే ఊళ్ళో ఉద్యోగం దొరికింది. బల్లని అక్కడికి చేర్చడానికి అడుగుతున్న డబ్బు దాని ఖరీదుకి పదింతలు. బోల్టులు విప్పి, సంచిలో కట్టి, మధ్య సొరుగులో పెట్టాను. తాళంచెవి మాత్రం నా జేబులో ఉంది.